క్లౌడ్ అభివృద్ధి పరిసరం

క్లౌడ్ అభివృద్ధి పరిసరం అనగా ఒక సాఫ్టువేరును రాయడానికి, కూర్చడానికి, పరీక్షించడానికి కావలసిన సరంజామా అంతా ప్రోగ్రామరు బల్లపై ఉన్న కంప్యూటరులో గాక, అంతర్జాలం ద్వారా అందే దూరపు సర్వరులో ఉండే ఏర్పాటు. ఆపరేటింగు సిస్టము, కంపైలరు, లైబ్రరీలు, డేటాబేసు అన్నీ సర్వరులోనే నడుస్తాయి. ప్రోగ్రామరు వాటిని బ్రౌజరు ద్వారా గాని, తన కంప్యూటరులోని ఎడిటరు ద్వారా గాని వాడుకుంటాడు. ఈ పరిసరం ఎలా ఉండాలో తెలిపే వివరణ ఒక చిన్న ఫైలులో ఉంటుంది. ఆ ఫైలు ప్రాజెక్టు కోడుతో పాటే భద్రపరచబడుతుంది. యంత్రం పోయినా ఫైలు ఉన్నంతకాలం పరిసరాన్ని తిరిగి నిర్మించుకోవచ్చును. కనుక ఈ విధానంలో అసలు ప్రాధాన్యం దూరపు యంత్రానిది కాదు, ఆ ఫైలుది.

హైదరాబాదులో తెలుగు చలనచిత్ర పరిశ్రమకు నెలవైన జూబ్లీ హిల్స్, ఫిల్మ్ నగర్ ప్రాంతాలలో సాఫ్టువేరు పనికి ఒక ప్రత్యేకత ఉన్నది. ఇక్కడ కోడు తేలిక, బొమ్మ బరువు. విజువల్ ఎఫెక్ట్స్ కొరకు రాసే ప్రోగ్రాములు కొద్ది మెగాబైట్లకు మించవు. ఆ ప్రోగ్రాములు పని చేయవలసిన ఫ్రేములు మాత్రం గిగాబైట్లు, టెరాబైట్లలో ఉంటాయి. పైగా అవి విడుదల కాని చిత్రానివి, బయటకు పొక్కరాదు. అందువలన అమరిక మొదలు పెట్టేటప్పుడు ముందుగా తేల్చుకోవలసినది ఏది క్లౌడుకు పోవచ్చును, ఏది స్టూడియో గోడ దాటరాదు అన్న విషయం.

పేరు

క్లౌడ్ అన్న మాటకు తెలుగులో మేఘం అనే అనువాదం ఉన్నప్పటికీ వాడుకలో క్లౌడ్ అనే మాటే స్థిరపడింది. నెట్‌వర్కు పటాలలో తమ అధీనంలో లేని భాగాన్ని మబ్బు బొమ్మతో సూచించే అలవాటు నుండి ఈ పేరు వచ్చినది. నిజానికి ఇందులో ఆకాశానికి సంబంధించినది ఏమీ లేదు. మరొకరి భవనంలో, మరొకరి కరెంటుతో నడిచే కంప్యూటరును గంటల లెక్కన అద్దెకు తీసుకోవడమే క్లౌడు.

చరిత్ర

బ్రౌజరులోనే కోడు రాయాలన్న ప్రయత్నాలు 2009లో మొజిల్లా సంస్థ విడుదల చేసిన బెస్పిన్ అనే ఎడిటరుతో బాగా ప్రచారంలోకి వచ్చాయి. 2010లో ఆమ్‌స్టర్‌డామ్ కేంద్రంగా మొదలైన క్లౌడ్9 ఆ మార్గంలో ముందుకు నడిచింది. 2016లో అమెజాన్ సంస్థ దానిని కొనుగోలు చేసి, 2017లో తన క్లౌడు సేవలలో భాగంగా తిరిగి విడుదల చేసింది. 2024 జులై నుండి కొత్త ఖాతాదారులను చేర్చుకోవడం ఆపివేసింది. ఇదే కాలంలో పుట్టిన నైట్రస్ వంటి సేవలు మూతబడ్డాయి. ఒక కంపెనీ పరిసరంలోనే పని అంతా పెట్టుకున్నవారికి ఇది చేదు అనుభవం.

ఈ లోపు రెండు మార్పులు వచ్చాయి. 2013లో వెలువడిన డాకర్, ఒక ప్రోగ్రాముకు కావలసిన లైబ్రరీలన్నిటినీ ఒకే మూటగా కట్టి ఏ లినక్సు యంత్రం మీదనైనా విప్పుకొనే వీలు కల్పించింది. ఈ మూటను ఇమేజి అని, విప్పి నడుపుతున్న దానిని కంటైనరు అని అంటారు. రెండవది, 2019 మే నెలలో మైక్రోసాఫ్టు సంస్థ విజువల్ స్టూడియో కోడ్ ఎడిటరును రెండుగా విడదీసింది. కిటికీ ఇక్కడ, పని అక్కడ. 2020లో ప్రకటించబడి 2021 ఆగస్టులో సంస్థలకు అందుబాటులోకి వచ్చిన గిట్‌హబ్ కోడ్‌స్పేసెస్ ఈ రెంటినీ కలిపినది. అది వాడే అమరిక ఫైలు పద్ధతి 2022లో డెవలప్‌మెంట్ కంటైనర్ అనే బహిరంగ ప్రమాణంగా ప్రచురించబడింది. ఒక సేవ మూతబడినా అదే ఫైలును మరొక సేవకు, లేదా సొంత కంప్యూటరుకు తీసుకొని పోగలగడం దీని ప్రయోజనం. క్లౌడ్9 కాలంలో లేనిది ఇదే.

జూబ్లీ హిల్స్, ఫిల్మ్ నగర్ నేపథ్యం

తెలుగు చిత్ర పరిశ్రమ మద్రాసు నుండి హైదరాబాదుకు తరలి వచ్చిన క్రమంలో అక్కినేని నాగేశ్వరరావు 1976లో అన్నపూర్ణ స్టూడియోను, డి.రామానాయుడు 1989లో ఫిల్మ్ నగర్‌లో రామానాయుడు స్టూడియోను ప్రారంభించారు. స్టూడియోల చుట్టూ ఎడిటింగు, డబ్బింగు, గ్రాఫిక్సు గదులు వెలిశాయి. 2012లో వచ్చిన ఈగ చిత్రంలో ప్రధాన పాత్రే కంప్యూటరులో పుట్టినది. ఆ చిత్రానికి పనిచేసిన మకుట సంస్థ హైదరాబాదుదే. 60వ జాతీయ చలనచిత్ర పురస్కారాలలో ఉత్తమ స్పెషల్ ఎఫెక్ట్స్ పురస్కారం ఈగకు లభించింది. అన్నపూర్ణ స్టూడియోలో క్యూబ్ సినిమా సంస్థతో కలిసి వర్చువల్ ప్రొడక్షన్ వేదిక కూడా ఏర్పాటైనది. ఇటువంటి వేదికలలో నటుల వెనుక ఎల్.ఈ.డి. తెరపై కదిలే దృశ్యాన్ని వీడియో ఆటలకు వాడే ఇంజను అప్పటికప్పుడు గీస్తుంది.

ఇటువంటి పనిలో కళాకారుల పక్కనే కొద్దిమంది ప్రోగ్రామర్లు ఉంటారు. ఒక షాటు ఫ్రేములను ఒక విభాగం నుండి మరొక విభాగానికి చేర్చడం, పేర్లు, వెర్షన్ల సంఖ్యలు తప్పకుండా చూడడం, రాత్రిపూట రెండరింగుకు పంపడం, ఉదయానికి దర్శకుడు చూసేందుకు సిద్ధం చేయడం వీరు రాసే ప్రోగ్రాముల పని. ఈ ప్రోగ్రాముల సముదాయాన్ని పైప్‌లైను అంటారు. ఎక్కువ భాగం పైథాన్ భాషలో ఉంటుంది. పైప్‌లైను ఆగితే కళాకారులు ఖాళీగా కూర్చుంటారు, విడుదల తేదీ మాత్రం ఆగదు.

సాఫ్టువేరు సంస్థలు నిండిన హైటెక్ సిటీ, మాదాపూర్ ఇక్కడికి పక్కనే ఉన్నాయి. 2020 సెప్టెంబరు 25న ప్రారంభమైన దుర్గం చెరువు తీగల వంతెన జూబ్లీ హిల్స్ రోడ్ నంబరు 45 వైపు నుండి నేరుగా మాదాపూర్ చేరుస్తుంది. అయినను రెండు ప్రాంతాల పని అలవాట్లు వేరు. వంతెన ఆవల క్లౌడు పరిసరం మామూలు విషయం. ఈవల మాత్రం చాలాకాలం పాటు ఒక మంచి యంత్రం, దానిని సిద్ధం చేయడం తెలిసిన ఒక మనిషి అనే పద్ధతే నడిచింది. ఆ మనిషి వేరే చోటికి వెళ్ళిన రోజున ఆ యంత్రంలో ఏమున్నదో ఎవరికీ తెలియని స్థితి ఏర్పడుతుంది.

అమరిక ఫైలు

ప్రాజెక్టు రిపాజిటరీలో డాట్ డెవ్‌కంటైనర్ అనే ఫోల్డరు, అందులో డెవ్‌కంటైనర్ డాట్ జేసన్ అనే ఫైలు ఉంటాయి. ఇందులో ముఖ్యంగా తెలుపవలసినవి: ఏ ఇమేజి మీద నిర్మించాలి, అదనంగా ఏ పనిముట్లు చేర్చాలి, నిర్మాణం తరువాత ఏ ఆదేశాలు నడపాలి, ఏ పోర్టులు తెరవాలి, ఎడిటరుకు ఏ పొడిగింపులు కావాలి, కనీసం ఎన్ని ప్రాసెసరు కోర్లు, ఎంత మెమరీ ఉన్న యంత్రం కావాలి. సాధారణ వెబ్‌సైటు ప్రాజెక్టుకు ఇరవై వరుసలు సరిపోతాయి.

ఇమేజి ఎంపిక దగ్గర సినిమా పని మిగతా వాటితో విడిపోతుంది. మాయా, న్యూక్, హౌడిని వంటి ప్యాకేజీలు తమలో తాము ఒక పైథాన్ వెర్షనును ఇముడ్చుకొని ఉంటాయి. ప్రోగ్రామరు తన ఇష్టం వచ్చిన వెర్షనులో రాస్తే వాటిలో నడవదు. ఈ గందరగోళాన్ని తగ్గించడానికి 2014 నుండి వి.ఎఫ్.ఎక్స్. రిఫరెన్స్ ప్లాట్‌ఫారం పేరుతో ఏటా ఒక జాబితా వెలువడుతున్నది. ఆ సంవత్సరం అన్ని ప్యాకేజీలు ఏ కంపైలరు, ఏ పైథాన్, ఏ లైబ్రరీ వెర్షన్లు వాడాలో అందులో ఉంటుంది. 2019 జాబితాలో పైథాన్ 2.7, 2020లో 3.7, 2022లో 3.9, 2023లో 3.10, 2024లో 3.11 ఉన్నాయి. 2018లో అమెరికా ఆస్కార్ అకాడమీ, లినక్స్ ఫౌండేషన్ కలిసి స్థాపించిన అకాడమీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్, ఈ జాబితాలకు అనుగుణమైన డాకర్ ఇమేజిలను సంవత్సరం పేరుతో ఉచితంగా అందిస్తున్నది. అమరిక ఫైలులో ఆ ఇమేజి పేరు, సంవత్సరం రాస్తే సగం పని ముగిసినట్లే.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. ఇమేజి పేరు చివర లేటెస్ట్ అని రాయరాదు. నేటి లేటెస్ట్ రేపటికి మారిపోతుంది. పెద్ద తెలుగు చిత్రాల నిర్మాణం రెండు మూడేళ్ళు సాగడం సామాన్యం. ఒక చిత్రం మొదలైన తరువాత అది ముగిసే వరకు సాఫ్టువేరు వెర్షన్లు మార్చకపోవడం విజువల్ ఎఫెక్ట్స్ రంగంలో ఆనవాయితీ. కావున ఇమేజిని దాని డైజెస్టు సంఖ్యతో సహా పేర్కొనడం సరైన పద్ధతి. డైజెస్టు అనగా ఇమేజిలోని విషయం నుండి లెక్కించిన ముద్ర. ఒక్క అక్షరం మారినా ముద్ర మారుతుంది.

ఇమేజిని తయారు చేసే విధానం చేతిలో ఉంటే చాలు, ఇమేజిని దాచనవసరం లేదు అన్న అభిప్రాయం ఒకటి ఉన్నది. అది నిలవదని సెంటాస్ 7 నిరూపించింది. 2022 వరకు అకాడమీ ఫౌండేషన్ ఇమేజిలు సెంటాస్ 7 మీద, 2023 నుండి రాకీ లినక్సు 8 మీద నిర్మించబడ్డాయి. 2024 జూన్ 30తో సెంటాస్ 7 కాలం తీరి, దాని ప్యాకేజీలను అందించే మామూలు చిరునామాలు పని చేయడం మానుకున్నాయి. అంతవరకు చక్కగా నడిచిన తయారీ విధానాలు మరునాటి నుండి మధ్యలో ఆగిపోయాయి. ఆవకాయ కలిపే పద్ధతి రాసి ఉంచుకోవడం ఒక ఎత్తు, ఊరిన జాడీని అటక మీద దాచుకోవడం మరొక ఎత్తు. ఆ ఏడు మామిడికాయ దొరకకపోతే పనికి వచ్చేది జాడీయే. ప్రతి చిత్రానికి వాడిన ఇమేజిని సంస్థ తన సొంత రిజిస్ట్రీలో భద్రపరచుకోవాలి. బాహుబలి రెండు భాగాలను కలిపి 2025 అక్టోబరు 31న బాహుబలి: ది ఎపిక్ పేరుతో విడుదల చేశారు. పదేళ్ళనాటి చిత్రాలు తిరిగి తెరకు వస్తున్న ఈ కాలంలో పాత షాటును తెరవవలసిన అవసరం ఊహామాత్రం కాదు.

ఆదేశాల క్రమం

అమరిక ఫైలులో ఆదేశాలను ఎప్పుడు నడపాలో కూడా చెప్పవలసి ఉంటుంది. కొన్ని పరిసరం తొలిసారి పుట్టినపుడు, కొన్ని కోడు మారినపుడు, కొన్ని యంత్రం మేలుకొన్న ప్రతిసారి నడుస్తాయి. ఈ తేడా పైకి చిన్నదిగా కనిపించినా వేచి ఉండే సమయం దీనిపైనే ఆధారపడుతుంది. కోడ్‌స్పేసెస్‌లో పరిసరాన్ని ముందుగానే నిర్మించి ఉంచే ప్రీబిల్డు అనే సదుపాయం కలదు. మొదటి రెండు దశల ఆదేశాలు ప్రీబిల్డులో నడుస్తాయి, పోస్ట్‌క్రియేట్ అనే దశ మాత్రం వ్యక్తి తెరిచిన తరువాత నడుస్తుంది. గంటసేపు పట్టే లైబ్రరీల కూర్పును పోస్ట్‌క్రియేట్‌లో పెట్టినవారు ప్రతి కొత్త మనిషిని గంటసేపు కూర్చోబెట్టినట్లే. దీనికి విరుద్ధంగా, వ్యక్తిగత రహస్య తాళాలు అవసరమైన పనులను మొదటి దశలో పెడితే అవి విఫలమవుతాయి. ఆ సమయానికి ఆ పరిసరం ఇంకా ఎవరి సొంతమూ కాదు గనుక అతని తాళాలు అక్కడ ఉండవు.

తెలుగు అక్షరాలు, భారత కాలమానం

క్లౌడు ఇమేజిలు వీలైనంత చిన్నవిగా ఉండడానికి ఫాంట్లను వదిలివేస్తాయి. అందువలన టైటిల్సు, సబ్‌టైటిళ్ళు తయారు చేసే ప్రోగ్రామును తెలుగువారు క్లౌడులో తొలిసారి నడిపినపుడు అక్షరాల స్థానంలో ఖాళీ పెట్టెలు కనిపించడం మామూలు. నోటో సాన్స్ తెలుగు ఫాంటును గాని, సిలికానాంధ్ర విడుదల చేసిన మండలి, రామభద్ర వంటి స్వేచ్ఛా ఫాంట్లను గాని అమరికలో చేర్చవలెను.

ఫాంటు ఒక్కటే చాలదు. తెలుగులో ఒత్తులు, గుణింతాలు సరైన చోట కూర్చోవడానికి హార్ఫ్‌బజ్ వంటి అక్షర విన్యాస లైబ్రరీ కావాలి. పైథాన్‌లో బొమ్మలపై అక్షరాలు రాయడానికి వాడే పిల్లో లైబ్రరీ, రాక్మ్ అనే తోడు లైబ్రరీ లేకపోతే మొరాయించదు, తప్పుగా రాస్తుంది. క్ష, స్త్రీ వంటి సంయుక్తాక్షరాలు హలంతాలతో విడివిడిగా పడతాయి. దోషం చూపని దోషం ఇది. ఆంగ్లంలో పరీక్షించేవారి కంటికి ఎన్నడూ కనిపించదు. పరిసరం నిర్మించగానే ఒక తెలుగు వాక్యాన్ని బొమ్మగా గీసి, సరిచూచిన బొమ్మతో పోల్చే పరీక్షను అమరికలోనే చేర్చడం మేలు. అను ఫాంట్లలో టైపు చేసిన పాత పాఠాలు యూనికోడు కావు కాబట్టి వాటిని ముందుగా మార్చుకోవలసి ఉంటుంది.

క్లౌడు యంత్రాల గడియారం సాధారణంగా గ్రీనిచ్ కాలమానంలో ఉంటుంది. భారత కాలమానం దానికన్నా 5 గంటల 30 నిమిషాలు ముందు. ఓ.టి.టి. వేదికపై ఒక చిత్రం శుక్రవారం అర్ధరాత్రి 12 గంటలకు, అనగా శుక్రవారం మొదలయ్యే ఘడియకు రావలసి ఉంటే, సర్వరు దృష్టిలో అది గురువారం సాయంత్రం 6:30. సమయాలను గ్రీనిచ్ లెక్కలో దాచి, చూపేటపుడు మాత్రం భారత కాలంలోకి మార్చడం క్షేమం. పరిసరం గడియారాన్నే మార్చివేస్తే ప్రోగ్రామరు యంత్రంలో సరిగా నడిచి, అసలు సర్వరులో తప్పే ప్రమాదం ఉన్నది.

ఫ్రేముల బరువు

4కె సినిమా ఫ్రేములో 4096 × 2160, అనగా సుమారు 88 లక్షల చుక్కలు ఉంటాయి. ఎఫెక్ట్స్ పనిలో వాడే ఓపెన్ ఈ.ఎక్స్.ఆర్. పద్ధతిలో ఒక్కొక్క చుక్కకు మూడు రంగులు, ఒక్కొక్క రంగుకు 2 బైట్లు చొప్పున కుదించకుండా లెక్కిస్తే ఒక ఫ్రేము సుమారు 53 మెగాబైట్లు. సెకనుకు 24 ఫ్రేములు కాబట్టి సెకనుకు 1.27 గిగాబైట్లు, నిమిషానికి 76 గిగాబైట్లు. సెకనుకు 100 మెగాబిట్ల అంతర్జాల కనెక్షనుపై ఒక్క నిమిషపు దృశ్యాన్ని పైకి పంపడానికి గంటా నలభై నిమిషాలు పడుతుంది. 1 గిగాబిట్ లైను పూర్తిగా దీనికే కేటాయించినా పది నిమిషాలు. కుదింపు వలన కొంత తగ్గినా, ఒక్కో షాటుకు పదుల సంఖ్యలో పొరలు, వెర్షన్లు ఉంటాయి కనుక ఆ ఆదా అక్కడికక్కడే చెల్లిపోతుంది.

అందువలన ఫ్రేములను రిపాజిటరీలో గాని, ఇమేజిలో గాని పెట్టే ఆలోచన మొదటే వదులుకోవాలి. అసలు ప్రశ్న వేరు: పైప్‌లైను ప్రోగ్రామును రాయడానికి నిజమైన షాటు అవసరమా? చాలావరకు కాదు. ఫ్రేము పేరు, వెర్షను, రంగుల అమరిక, నిడివి సరిగా ఉంటే బొమ్మలో ఎవరున్నారన్నది ప్రోగ్రాముకు పట్టదు. బ్లెండర్ ఫౌండేషన్ నిర్మించిన సింటెల్ (2010), టియర్స్ ఆఫ్ స్టీల్ (2012) చిత్రాలు క్రియేటివ్ కామన్స్ లైసెన్సులో ఉన్నాయి. వీటిలోని కొన్ని ఫ్రేములను పరీక్షకు వాడుకోవచ్చును. కొత్తగా చేరినవారికి విడుదల కాని చిత్రంలోని షాటును ఇవ్వనవసరం లేకుండా పోవడం దీని వలన కలిగే మరొక మేలు.

ప్యాకేజీల లైసెన్సులు మరొక చిక్కు. న్యూక్, హౌడిని వంటివి స్టూడియోలోని లైసెన్సు సర్వరును అడిగి నడుస్తాయి. క్లౌడు పరిసరం నుండి ఆ సర్వరుకు దారి వేయాలంటే వి.పి.ఎన్. కావాలి, లైసెన్సు షరతులు కూడా అందుకు అనుమతించాలి. బ్లెండరు స్వేచ్ఛా సాఫ్టువేరు. పైగా దానిని కిటికీ లేకుండా పైథాన్ మాడ్యూలుగా కూడా తెచ్చుకోవచ్చును గనుక క్లౌడులో దీనికి ఇబ్బంది లేదు. మిగతా ప్యాకేజీల విషయంలో ప్రోగ్రాములో వాటితో మాట్లాడే భాగాన్ని వేరు చేసి, పరీక్షలలో దానికి బదులు ఒక డమ్మీని నిలపడం ఆచరణలో ఉన్నది. అన్‌రియల్ వంటి ఆట ఇంజనుతో పని అయితే కంటైనరు పద్ధతి సుఖమివ్వదు. గ్రాఫిక్సు కార్డు గల క్లౌడు యంత్రపు తెరనే దూరం నుండి చూపించే రిమోట్ డెస్కుటాపు దానికి తగినది.

దూరం

గాజు తంతువులో కాంతి సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు ప్రయాణిస్తుంది. హైదరాబాదు నుండి ముంబై సుమారు 620 కిలోమీటర్లు, సింగపూరు సుమారు 3,300 కిలోమీటర్లు. పోయి రావడానికి ముంబైకి కనీసం 6 మిల్లీసెకన్లు, సింగపూరుకు 33 మిల్లీసెకన్లు పడుతుంది. అమెరికా తూర్పు తీరానికి ఇది 130 మిల్లీసెకన్లు దాటుతుంది. కేబుళ్ళు సరళరేఖలో ఉండవు గనుక వాస్తవంలో ఇంకా ఎక్కువ. కోడు టైపు చేసేవారికి కిటికీ తమ యంత్రంలోనే ఉంటుంది కాబట్టి సింగపూరు దూరం పెద్దగా తెలియదు. రిమోట్ డెస్కుటాపులో గీత గీసే కళాకారునికి ప్రతి కదలికా తెలుస్తుంది.

భారతదేశంలో అమెజాన్ మొదటి క్లౌడు ప్రాంతం 2016లో ముంబైలో, రెండవది 2022 నవంబరు 22న హైదరాబాదులో ప్రారంభమైనవి. గూగుల్ 2017లో ముంబైలో, 2021లో ఢిల్లీలో తన ప్రాంతాలను తెరిచింది. మైక్రోసాఫ్టు 2022లో హైదరాబాదులో డేటా సెంటరు ప్రాంతాన్ని ప్రకటించింది. దగ్గరలో ఉన్నదన్న ఒక్క కారణంతో ప్రాంతాన్ని ఎంచుకోరాదు. అన్ని రకాల యంత్రాలు అన్ని ప్రాంతాలలో దొరకవు, గ్రాఫిక్సు కార్డుల విషయంలో ఇది మరింత నిజం. ఎంచుకొనే ముందు ఆ ప్రాంతపు జాబితాను చూసుకోవాలి.

గోప్యత

2013లో అత్తారింటికి దారేది చిత్రం విడుదలకు కొద్ది రోజుల ముందు దాదాపు సగం నిడివి అంతర్జాలంలోకి వచ్చివేసింది. నిర్మాతలు విడుదలను ముందుకు జరిపి సెప్టెంబరు 27న చిత్రాన్ని థియేటర్లలోకి తెచ్చారు. ప్రేక్షకులు ఆదరించినందున నష్టం తప్పింది గాని, పరిశ్రమ ఆ దినాలను మరువలేదు. ఆ ప్రతి బయటపడినది క్లౌడు నుండి కాదు, చేతులు మారిన ప్రతి నుండి. కావున స్టూడియో లోపల ఉన్నదంతా భద్రం, క్లౌడులో ఉన్నదంతా బహిరంగం అనుకోవడం పొరపాటు. ఎవరు ఎప్పుడు ఏ ఫైలు తెరిచారో నమోదయ్యే వీలు క్లౌడులోనే ఎక్కువ. 2023లో సవరించిన సినిమాటోగ్రాఫ్ చట్టం పైరసీకి మూడు నెలల నుండి మూడేళ్ళ వరకు జైలు, మూడు లక్షల రూపాయలకు తక్కువ కాకుండా చిత్ర నిర్మాణ వ్యయంలో 5 శాతం వరకు జరిమానా విధిస్తుంది. శిక్ష పడేది తరువాత, చిత్రం పోయేది ముందు.

అమరికలో తరచుగా జరిగే తప్పు రహస్య తాళాలను ఫైలులోనే రాయడం. స్టోరేజి సంకేతపదాన్ని ఒక్కసారి రిపాజిటరీలో చేర్చి మరునాడు తొలగించినా, గిట్ చరిత్రలో అది అలాగే ఉంటుంది. ఇమేజిలో చేర్చి పై పొరలో చెరిపినా కింది పొరలో మిగులుతుంది. అటువంటి తాళం బయటపడినదని తెలిసిన వెంటనే చేయవలసినది ఫైలును చెరపడం కాదు, తాళాన్ని మార్చడం. తాళాలను సేవలోని సీక్రెట్స్ విభాగంలో ఉంచి, పరిసరం నడుస్తున్నపుడు మాత్రమే అందేటట్లు చేయాలి. అవి కూడా స్వల్పకాలానికి, పరీక్షా ఫ్రేముల వరకే పరిమితమై ఉండాలి.

రెండవది పోర్టులు. దర్శకునికి ఆనాటి షాట్లు చూపే వెబ్‌పేజీని ప్రోగ్రామరు తన క్లౌడు పరిసరంలో నడిపి, లంకె పంపడం సులువని ఆ పోర్టును పబ్లిక్‌గా మార్చుతాడు. కోడ్‌స్పేసెస్‌లో పోర్టు మొదట ప్రైవేటుగానే ఉంటుంది, మార్చేది మనిషే. పబ్లిక్‌గా మారిన తరువాత ఆ లంకె తెలిసిన ఎవరైనా లాగిన్ లేకుండా చూడవచ్చును. సంస్థ స్థాయిలోనే పబ్లిక్ పోర్టులను నిషేధించే వీలు కలదు, ఎఫెక్ట్స్ సంస్థలు దానిని వాడుకోవడం అవసరం.

ఖర్చు

యంత్రం నడిచిన గంటలకు, నిల్వకు వేరువేరుగా రుసుము ఉంటుంది. కోడ్‌స్పేసెస్ ఎవరూ వాడకుండా 30 నిమిషాలు గడిస్తే తనంతట తానే ఆగుతుంది, 30 రోజులు ముట్టకపోతే తొలగిపోతుంది. రిపాజిటరీకి పంపకుండా ఉంచుకున్న మార్పులు అప్పుడు దానితో పాటే పోతాయి. ఆగి ఉన్నా నిల్వ రుసుము పడుతూనే ఉంటుంది. క్లౌడులోకి సమాచారం పంపడానికి సాధారణంగా రుసుము ఉండదు, బయటకు తెచ్చుకొనేటపుడే ఉంటుంది. కోడుతో ఇది లెక్కలోకి రాదు. ఫ్రేములను అక్కడ రెండరు చేసి తెచ్చుకొనేవారు మాత్రం ముందుగా లెక్క వేసుకోవాలి.

అంతరాయాలు

క్లౌడు పరిసరం సర్వరు ఎంత దృఢమైనదైనా చివరి మజిలీ వీధి స్తంభం మీది కేబులే. 2025 ఆగస్టులో రామంతాపూర్‌లో కృష్ణాష్టమి ఊరేగింపు రథానికి విద్యుత్తు సోకి ఐదుగురు మరణించిన తరువాత, విద్యుత్తు సంస్థ సిబ్బంది స్తంభాలపై వేలాడే కేబుళ్ళను తొలగించడం మొదలుపెట్టారు. దానితో హైదరాబాదులో పలుచోట్ల అంతర్జాలం నిలిచిపోయింది. అదే సంవత్సరం అక్టోబరు 20న అమెజాన్ అమెరికా తూర్పు ప్రాంతంలో వచ్చిన లోపం వలన ప్రపంచవ్యాప్తంగా అనేక సేవలు గంటల తరబడి ఆగాయి. ఇటువంటి రోజులకు మందు కూడా అమరిక ఫైలులోనే ఉన్నది. అదే ఫైలు, అదే ఇమేజి ప్రోగ్రామరు సొంత కంప్యూటరులోని డాకరులో కూడా లేస్తాయి, ఇమేజి ప్రతి ఒకటి స్టూడియో లోపలి సర్వరులో ముందుగా ఉంచుకున్నట్లయితే. నెలకు ఒకసారి అంతర్జాలం తీసివేసి పరిసరాన్ని లేపి చూసే సంస్థలకు, ఆ ప్రతి నిజంగా ఉన్నదో లేదో విడుదల వారంలో కాక ముందే తెలుస్తుంది.